పేనుకొఱుకుడు: నిందలును పూతలును

కోదాడలో మేమెఱిగిన యొక గృహస్థుని యింట జరిగిన సంగతితో ఈ వ్యాసము నారంభింతుము. పదునొకండేండ్ల బాలికకు తల్లి జడ వేయుచుండగా చెవి వెనుక రూపాయబిళ్లంత మేర నున్నగా కానవచ్చెను. అచ్చట వెండ్రుక లేదు, పుండు లేదు, పొట్టు లేదు. పిల్లకు దురదయైనను లేదు. నాయనమ్మ చూచి "ఇది పేనుకొఱుకుడే" యనెను. ఆ మాట పడినంతనే యింటిలోని విచారణ త్రోవ తప్పెను. వెండ్రుకలేల రాలెనను ప్రశ్న పోయి, పిల్ల తలను శుభ్రముగా నుంచని దెవరను ప్రశ్న వచ్చెను. కోడలు నేరస్థురాలయ్యెను. మూడవనాడు ఎవరో చెప్పగా విని నల్లజీడిరసము పూసిరి. తెల్లవాఱునప్పటికి తల బొబ్బలెక్కెను. పిల్ల నెలదినములు బడికి పోలేదు.

ఈ కథలో దుర్మార్గులెవ్వరును లేరు. నాయనమ్మకు ప్రేమ కలదు. తల్లికి భయము కలదు. మందు చెప్పినవానికి నమ్మకము కలదు. లోపించినది ఒక్క ప్రశ్న: ఏ పూతయు పూయకున్నచో నేమి యగును? మానవజాతి ఈ రోగమునకు రెండువేల యేండ్లకు పైగా పూతలు పూయుచున్నది. ఈ ప్రశ్నను శాస్త్రరీతిగా నడిగి సమాధానము వ్రాసికొన నారంభించి నూఱేండ్లైనను కాలేదు. ఆ ఆలస్యపు చరిత్రయే మా యీ వ్యాసమునకు విషయము.

మొదట పేరును విచారింతము. పేను తలపై నెత్తురు త్రాగి బ్రదుకు జీవి. వెండ్రుకను కొఱికి తినదు. ఈ రోగమునకు పేనునకు సంబంధమే లేదు. ఐనను తెలుగువారు పేనును నిందించిరి. గ్రీకులు నక్కకు గజ్జిపట్టి బొచ్చు రాలుటను తలచి నక్క పేర దీనిని పిలిచిరి. బట్టతల మచ్చ మెడవెనుకనుండి చెవులవఱకు వంకరగా ప్రాకినచో దానికి పాము పేరు పెట్టిరి. క్రీస్తుశకము మొదటి శతాబ్దిలో రోమక గ్రంథకర్త కెల్సస్ ఈ రెండు రూపములను వర్ణించెను. అరబ్బీ వైద్యులు గ్రీకుల నుండి యీ భావమునే గ్రహించి "దాఉస్సాలబ్" అనగా నక్కరోగమనియు, "దాఉల్‌హయ్య" అనగా పామురోగమనియు వ్యవహరించిరి. మన సంస్కృత వైద్యులు "ఇంద్రలుప్త"మని యింద్రుని పేర చెప్పిరి. 1763లో ఫ్రెంచి వైద్యుడు సోవాజ్ "అలొపీషియా ఏరియేటా" యను పేరు పెట్టెను. నేటి వైద్యులు వాడునది యిదియే. అందును నక్క పోలేదు! ఎన్ని దేశములో అన్ని నిందలు. ఐతే నక్కకు గాని పామునకు గాని యింటిలో బాధ్యులు లేరు. పేనునకు మాత్రము ఒక స్త్రీ బాధ్యురాలు. మన తెలుగు పేరు చేసిన యపకార మిదియే.

ఇక చికిత్సను చూతము. సుశ్రుతుడు నిదానస్థానమున క్షుద్రరోగములలో ఇంద్రలుప్తమును చేర్చెను. వాతముతో గూడిన పిత్తము రోమకూపములను చేరి వెండ్రుకలను రాల్చుననియు, పిమ్మట రక్తముతో గూడిన శ్లేష్మము ఆ కూపములను మూసివేయుటచే క్రొత్తవి మొలవవనియు నతని మతము. దోషముల భాషను ప్రక్కనుంచి చూచినచో ఇందొక మెచ్చదగిన పరిశీలన కలదు. కూపము నశించినదని యతడనలేదు, మూసికొన్నదని యనెను. నేటి సూక్ష్మదర్శినియు నంతియే చెప్పుచున్నది: ఈ రోగమున వెండ్రుక రాలును గాని దాని వేరు బ్రదికియే యుండును. అందుచేతనే యెన్ని సంవత్సరములకైనను మరల మొలచు నవకాశము మిగిలియుండును.

సుశ్రుతుని చికిత్సలో తలయందలి సిరను కోసి నెత్తురు వదలుటయు, మిరియములు, మణిశిల, అన్నభేది, మైలుతుత్తము కలిపి పూయుటయు కలవు. చర్మమును గీచి గురివిందగింజల ముద్దను మాటిమాటికి పట్టించుమని చెప్పబడినది. జాజి, గన్నేరు, చిత్రమూలము, కానుగ వేసి కాచిన నూనె మఱియొకటి. వాగ్భటుని అష్టాంగహృదయమున ఉత్తరస్థానములో గురివిందతోపాటు ఉమ్మెత్తాకు రసమును, నల్లజీడి రసమును చెప్పిరి. ఏనుగుదంతమును కాల్చిన మసికి గూడ గొప్ప ప్రతిష్ఠ యుండెను.

ఈ పట్టికను చదువువారికి ఒక పోలిక తోచకపోదు. మిరియము, చిత్రమూలము, గన్నేరు, గురివింద, జీడి: ఇవి యన్నియు చర్మమును మండించునవి. మంటపెట్టి మొలిపించుట యన్నది పూర్వుల పద్ధతి. పడమటి దేశములవారును ఇదే త్రోవను పట్టిరి. డయాస్కొరిడీసు ఉల్లిని ఈ రోగమునకు చెప్పెను. యూరపు వైద్యులు మంటపురుగుల కషాయమును, ఆవాలను పూసిరి. బ్రెజిలు దేశపు చెట్టు మానునుండి తీసిన యొక పొడి, పోర్చుగీసువారి మూలమున మనదేశమునకు వచ్చి "గోవా చూర్ణ" మను పేర తామరకు వాడుకలోనికి వచ్చెను. దాని సారమును చూచి 1916లో జర్మనులు డిత్రనాల్ అను మందును కృత్రిమముగా చేసిరి. అదియు చర్మమును ఎఱ్ఱబాఱించి, బట్టలకు గోధుమవన్నె మరక పట్టించు మందే. 1979 మొదలు దానిని పేనుకొఱుకుడునకు వాడి చూచిరి.

కోదాడ ఈ వైద్యముల కూడలి యందే యుండెను. 1948 వఱకు ఆ యూరు నిజాము రాజ్యములోనిది; తూర్పున జగ్గయ్యపేట దిక్కున ఇంగ్లీషువారి సీమ. మొన్నటివఱకు నల్లగొండ జిల్లాలో నుండి 2016 నుండి సూర్యాపేట జిల్లాలోనికి వచ్చినది. ఇట్టి పొలిమేర యూరివారికి ఆయుర్వేదమును, యునానియు, ఇంగ్లీషు వైద్యమును మూడును వినికిడిలోనివే. హైదరాబాదున చార్మినారు చెంత నిజామియా యునానీ వైద్యశాల నేటికిని నిలిచియున్నది. కావున మన యింటి పెద్దలు ఒకనోట ఉల్లియు, ఒకనోట గురివిందయు, మఱియొకనోట "ఇంగ్లీషు ఆయింటుమెంటు"ను చెప్పుటలో వింత లేదు. మూడు నాగరికతల మందులు ఒక్క వంటింట కలసినవి. ఏది యెక్కువ, ఏది తక్కువ యని తేల్చు త్రాసు మాత్రము ఆ యింటలేదు.

ఆ త్రాసు లేకపోవుటచే యూరపు విద్వాంసులును చాలకాలము మోసపోయిరి. 1843లో పారిసు నగరమున గ్రూబీ యనునాతడు పిల్లల తలతామరలో బూజును సూక్ష్మదర్శినిలో కనుగొనెను. అది గొప్ప ఆవిష్కారమే. కాని యతడు ఆ బూజును ఈ నున్నని బట్టతలమచ్చల రోగపు పేరుతో ముడిపెట్టుటచే రెండు రోగములును కలగాపులగమయ్యెను. అంటురోగమను భయముచే ఫ్రాన్సులో పేనుకొఱుకుడు గల పిల్లలను బడులనుండి వెలివేసిరి. ఇరువదవ శతాబ్ది మొదట జాకే యను వైద్యుడు పుచ్చిపోయిన దంతములే కారణమనెను. మఱికొందఱు నరముల నిందించిరి. ఒక్కొక్క కారణమునకు ఒక్కొక్క మందు పుట్టెను. ప్రతి మందునకును నయమైన రోగులు దొరకిరి.

ఏల దొరకిరి? ఇదియే యీ చరిత్రకు కీలకము. ఈ రోగము చాలమందిలో తనంతట తానే తగ్గును. ఒకటి రెండు చిన్నమచ్చలు మాత్రమే కలవారిలో మూడవవంతు మొదలు సగమువఱకు ఏ మందును లేకయే యేడాదిలో కోలుకొందురని వైద్యుల యనుభవము. ఇట్టి రోగమునకు నీరు పూసినను నయమగును, నేయి పూసినను నయమగును, తాయెత్తు కట్టినను నయమగును. తానై తెల్లవాఱుచుండగా కూసిన కోడికి సూర్యుని లేపితినను గర్వము కలుగుట సహజము. నయము గానివారు మఱియొక వైద్యుని వెదకుకొని పోవుదురు గనుక మొదటివాని లెక్కలో వారు కనబడరు. నిజాయితీపరుడైన వైద్యుడు గూడ ఇట్లు మోసపోవును.

దీనికి విరుగుడొక్కటే. ఒకే తీరు రోగులను రెండు జట్లుగా చేసి, ఒక జట్టునకు మందును, రెండవ జట్టునకు మందుకాని దానిని పూసి, రెంటిని లెక్కించుట. 1998లో స్కాట్లండు దేశపు అబర్డీనున ఇట్లు చేసిరి. ఒక జట్టునకు లావెండరు, రోజుమేరీ మొదలగు సుగంధతైలములు కలిపిన నూనెను, రెండవ జట్టునకు అవి లేని వట్టినూనెను ప్రతిదినము తలకు మర్దించిరి. మొదటిజట్టులో 43 మందిలో 19 మందికిని, రెండవదానిలో 41 మందిలో 6 గురికిని మెఱుగు కానవచ్చెను. 2002లో బాగ్దాదు వైద్యులు ప్రాచీనమైన ఉల్లినే పరీక్షకు నిలిపిరి. దినమునకు రెండుసార్లు ఉల్లిరసము పూసిన 23 మందిలో ఆఱువారములకు 20 మందికి వెండ్రుకలు మొలచెను. కుళాయినీరు పూసిన 15 మందిలో ఇద్దఱికి మొలచెను.

ఉల్లి గెలిచినదని మన నాయనమ్మలు సంతోషింపవచ్చును. మేమును కొంత సంతోషించితిమి. కాని తొందరపడరాదు. జట్లు చిన్నవి. ఉల్లి వాసనను దాచుట యెవరితరము? ఎవరికేది పూసిరో రోగికిని తెలియును, చూచు వైద్యునికిని తెలియును. తెలిసినచోట ఆశ కన్నులకు పొర కమ్మును. ఒక్క చిన్న పరీక్షను బట్టి తీర్పు చెప్పరాదు. ఐనను ఆ నీరు పూసిన పదునైదుగురు మాకు పూజ్యులు. వారే లేకున్నచో ఉల్లికి విలువ కట్టుటకు ఆధారమే లేదు. సుశ్రుతుని గురివిందకు గాని, హకీముల లేపనములకు గాని, మంటపురుగులకు గాని ఇట్టి పదునైదుగురు పూర్వము లభింపలేదు.

రోగకారణము ఇటీవల స్పష్టమైనది. దేహమును శత్రువులనుండి కాపాడవలసిన తెల్లకణములు పొరపడి రోమమూలమును చుట్టుముట్టును. సూక్ష్మదర్శినిలో అవి తేనెతుట్టెపై ముసురుకొన్న యీగలవలె కనబడును. 2010లో అమెరికా పండితులు వంశపరంపరగా వచ్చు బీజాంశములలో ఈ పొరపాటునకు అనుకూలమైన వానిని గుర్తించిరి. పేను లేదు, నక్క లేదు, అశౌచము లేదు, పాపము లేదు. తల్లి దువ్వెన దోషమంతకన్న లేదు. ఇది అంటదు. కొందఱిలో థైరాయిడు గ్రంథి వ్యాధివంటి సోదరరోగములు తోడుగా నుండును గనుక వైద్యుడు విచారించుట మంచిది.

కారణము తెలిసిన పిమ్మట నేటి పూతలను పోల్చుట సులభమైనది. మొదటిది స్టెరాయిడు. 1950వ దశకమున చర్మవైద్యములో ప్రవేశించిన యీ మందు తప్పుదారి పట్టిన కణముల నణచును. పెద్దవారిలో చిన్నమచ్చలకు నాలుగైదు వారముల కొకసారి మచ్చలోనే సన్ననిసూదితో నెక్కించుట యెక్కువ ఫలించును. కాని నొప్పి కలదు, చర్మము గుంటపడుటయు కలదు. పిల్లలు సూదికి భయపడుదురు గనుక వారికి పూతయే మేలు. కెనడా దేశపు టొరంటోలో 41 మంది పిల్లలను రెండు జట్లుగా చేసి తీవ్రమైన స్టెరాయిడును, సౌమ్యమైనదానిని పోల్చి 2014లో ప్రకటించిరి. తీవ్రమైనదానిని ఆఱువారములు పూసి ఆఱువారములు మానుచు వాడినవారిలోనే ఫలము మిక్కిలిగా కనబడెను. ఆ పూయు కాలమెంత ముఖ్యమో, మాను కాలమంత ముఖ్యము. మందులదుకాణమున చీటీలేక కొని నెలలతరబడి పూసినచో చర్మము పలుచనై నరములు పైకి తేలును.

రెండవది మినాక్సిడిల్. రక్తపుపోటునకు మాత్రగా వచ్చి, వెండ్రుకలు మొలిపించు గుణము కనబడగా 1988లో అమెరికాలో తలపూతగా అనుమతి పొందెను. ఇది వెండ్రుక పెరుగు కాలమును పొడిగించునే కాని కణముల పొరపాటును సవరింపదు. కావున ఈ రోగమున తోడుమందు మాత్రమే. మూడవది పైని చెప్పిన డిత్రనాల్.

నాలుగవది మిక్కిలి విచిత్రమైనది. 1970వ దశకము చివర జర్మనీ దేశపు హాప్లె యను వైద్యుడు, చర్మమునకు కొంచెముగా ఎలర్జీ పుట్టించు రసాయనమును తలకు పూసినచో ఆ తెల్లకణముల దృష్టి మఱలి వెండ్రుకలు మొలచునని చూపెను. మొదట వాడిన రసాయనము జీవకణముల బీజములకు హానికరమని తేలగా దానిని విడిచి డైఫెన్‌సిప్రోన్ అనుదానిని 1983లో తెచ్చిరి. విశాలముగా రాలినవారికి నేటికిని దీనిని వాడుదురు. ఇచ్చట వాగ్భటుని నల్లజీడి జ్ఞప్తికి రాక మానదు. జీడి రసములోనిదియు ఎలర్జీ పుట్టించు పదార్థమే. పూర్వులు ఏదో యథార్థమును తడవి చూచియుండవచ్చును. కాని భేదము కొలతలో కలదు. డైఫెన్‌సిప్రోన్‌ను మొదట చిన్నమేర పరీక్షించి, పిమ్మట నూటికి 0.001 వంతు మాత్రమే యున్న ద్రావకముతో ఆరంభించి, వారమున కొకసారి, వైద్యుని చేతిమీదుగా పెంచుదురు. జీడిని గ్రామమున వ్రేలితో పూయుదురు. ఒకటి వెలుగునిచ్చు దీపము. రెండవది గడ్డివామిలో నిప్పు.

ఇన్ని పూతలు చెప్పితిమి గనుక ఏదో యొకటి తప్పక గెలుచునని చదువరులు భ్రమపడవలదు. 2008లో కోక్రేన్ సంఘమువారు అంతవఱకు జరిగిన 17 పరీక్షలను, 540 మంది రోగులను కూడి చూచి, ఏ చికిత్సయు మందుకాని పూతకన్న స్పష్టముగా మేలని ఋజువు కాలేదని వ్రాసిరి. పూతలు పనికిరావని దాని యర్థము కాదు. పరీక్షలు చిన్నవి, కొద్దికాలపువి యని యర్థము. తీవ్రముగా వెండ్రుకలు రాలిన పెద్దవారికి 2022 జూనులో బారిసిటినిబ్ అను మాత్రను అమెరికా ప్రభుత్వము మొదటిసారిగా అనుమతించెను. అది లోపలికి మ్రింగునది, రోగనిరోధకశక్తిని తగ్గించునది, వైద్యుని కాపుదల లేక ముట్టరానిది. ఆ జాతిమందులనే పూతగా చేసి చూచినప్పుడు ఈ రోగమున ఆశించిన ఫలము రాలేదు.

ఇన్ని శతాబ్దుల చరిత్రనుండి గృహస్థులు గ్రహింపదగిన నీతి యేమి? మేము నాలుగు మాటలు చెప్పెదము. మచ్చ కనబడినంతనే వైద్యునికి చూపి తలతామర కాదని తేల్చుకొనవలెను. పొట్టురాలుచు, వెండ్రుకలు విఱిగియుండు తామర అంటురోగము. దానికి మందు వేఱు. దానిపై స్టెరాయిడు పూసినచో ముదురును. కోదాడవారికి ఇందులకు హైదరాబాదు పోనక్కఱలేదు; సూర్యాపేటలోనే 2019 నుండి ప్రభుత్వ వైద్యకళాశాల కలదు. క్రొత్తగా వచ్చిన ఒకటి రెండు చిన్నమచ్చలకు కొన్నినెలలు వేచియుండుటయు నొక చికిత్సయేనని తెలియవలెను. మచ్చలు పెరుగుచు కనుబొమలు రాలుచున్నను, గోళ్లపై సూదిపోట్లవంటి గుంటలు పడుచున్నను ఆలసింపరాదు. గురివింద, ఉమ్మెత్త, నల్లజీడి యీ మూటిని ఇంట తాకరాదు. గురివిందలోని విషము గీచిన చర్మముగుండ నెత్తురు చేరినచో ప్రాణాపాయకరము. గురివిందగింజ తన క్రింది నలుపెఱుగదను సామెత మనకు కలదు. దాని లోపలి విషమును మనమును ఎఱుగకున్నాము.

అన్నిటికన్న ముఖ్యమైనది నింద మానుట. పిల్లను బడి మాన్పించుట, పెండ్లిసంబంధములలో దాచుట, తల్లిని దూఱుట: ఇవి రోగము చేసిన గాయములు కావు, మనము చేసినవి. పేరును మార్చుట మన చేతిలో లేదు; వాడుకపేర్లు శాసనములకు లొంగవు. పేరులోని అబద్ధమును పిల్లలకు చెప్పుట మాత్రము మన చేతిలోనిదే.

కోదాడ బాలిక సంగతి చెప్పి విరమింతుము. తల్లి ధైర్యము చేసి, పూతలన్నియు కట్టిపెట్టి, పిల్లను చర్మవైద్యునికి చూపెను. బొబ్బలు మానినవి. ఐదవనెలలో ఆ నున్నని మచ్చపై తెల్లని నూగు మొలచెను. చిన్నదానికి నెరపు వచ్చెనని నాయనమ్మ కన్నీరు పెట్టుకొనెను. ఈ రోగమున క్రొత్తవెండ్రుకలు మొదట తెల్లగా వచ్చి పిమ్మట నల్లబడుట సామాన్యమని వైద్యుడు చెప్పగా ఊరడిల్లెను. ఏడాది నిండునప్పటికి మచ్చ యంతయు నల్లని వెండ్రుకలతో నిండెను. ఆ బాలిక నేడు రెండు జడలతో బడికి పోవుచున్నది. కాని జడను పైకెత్తి చూచినచో చెవి వెనుక గోరంత చోటు మాత్రము ఇంకను బోడిగా నున్నది. అది పేనుకొఱుకుడు మిగిల్చినది కాదు. ఆ రోగము వేరును చంపదు. జీడిరసము కాల్చి మచ్చచేసినచోట వేరు చచ్చినది. అచ్చట ఇక మొలవదు.